ఏ ర?

పెండ్లి కార్డులు కొట్టేదాన్ని నేను, చిక్కడపల్లిల,
ఇరవై రెండేండ్ల సంది.
చీనా అక్షరాల మీటింగుకు నన్నెందుకు పిలిచిన్రో
తార్నాకల మెట్లెక్కేదాంక సమజ్ కాలె.

కింద ఇరానీ హోటలు, పైన ట్యూషన్ గది.
ఫ్యాను గాలికి గోడ మీది కాగితం లేస్తున్నది:
తూర్పు దేశాల పాత రాతల్ని
కంప్యూటర్లకెక్కించెటోళ్ళ సంఘం.
పేరు ఇంకా పెట్టలె.

వకుళ మేడం జపాన్ భాష చెప్తది.
శ్రీశైలం ఉప్పల్ల పార్సిళ్ళు పంచుతడు,
సీరియళ్ళు చూసి కొరియా ఓనమాలు నేర్చిండు,
బ్యాగు ఒళ్ళె పెట్టుకొనే కూసున్నడు.
నుజ్హత్‌కు కండ్లు కనపడవు, ఫోను చదివి వినిపిస్తది.
రిటైరైన ప్రొఫెసరు సుదర్శనాచారి
మొదలే అన్నడు:
"మూడో మెట్టు పరీక్ష పాసైనోళ్ళకే సభ్యత్వం."

ఎవ్వరు ఏమనలె.
చాయ్ వచ్చింది. వన్ బై టూ చేసినా అందరికి సరిపోలె.

అప్పుడు లేచిండు ఆల్బర్ట్ షియే.
తాత కోఠిల పండ్ల డాక్టరు. మూడు తరాలాయె,
ఉర్దూల కొట్లాడ్తడు, తెలుగుల బేరం చేస్తడు,
చీనాల తన ఇంటిపేరు సుత చదవరాదు.
"నేను ఒకటో మెట్టు కూడా ఎక్కలె సార్" అనుకుంట
బిస్కెట్ల డబ్బ మూత తీసిండు.

లోపల తాత లెక్కల బుక్కు.
పై నుంచి కిందికి, కుడి నుంచి ఎడమకు,
ఎవరి పన్ను ఎప్పుడు పీకిండో, ఎంత బాకీ ఉన్నదో.
అట్ట మీద ఆయన పేరు. మూడక్షరాలు.
రెండు దొరికినయ్. మూడోది ఏ ఫాంటుల లేదు.
స్క్రీను మీద ఉత్త డబ్బ పడ్డది.
నుజ్హత్ ఫోను ఆడిదాంక చదివి ఊకున్నది.

"అక్కడ ఏమున్నది?" అని అడిగింది.

ఎడమకు మూడు నీటిచుక్కలు, అన్నది వకుళ.
కుడికి పైన గడ్డి, అన్నడు ఆచారి, అద్దాలు తుడుసుకుంట.
కింద నోరు, మా కొరియా మ లెక్కనే ఉన్నది, అన్నడు శ్రీశైలం.
ఆల్బర్ట్ అట్టను చూసుకుంట
ఆమె అరచేతిల వేలుతోని రాసిండు.
మెల్లగ. మళ్ళ రాయమంటె మళ్ళ.

"చుక్కలు నాలుగు పెట్టినవ్."

అందరం వంగి చూసినం.
నిజమే, తాత నాలుగే పెట్టిండు.

తప్పు, దిద్దాలె, అన్నడు ఆచారి.
ఆయన పేరు ఆయన తప్పెట్ల రాస్తడు, అన్నడు శ్రీశైలం.
వకుళ బోర్డు మీద రాసుకుంట చెప్పింది:
రెండూ పెడదాం. ఆయన రాసిందొకటి, మనమనుకున్నదొకటి,
అట్లనుకున్నదెవరో వాళ్ళ పేరు.
ముందొక గుర్తు, ఎన్కొక గుర్తు, నడుమ అక్షరం.
సద్దిమూటకు రెండు దిక్కుల ముడేసినట్టు,
గంతవరకు నాకు ఎరుకైంది.

అప్పుడు నా దిక్కు తిరిగిన్రు.
చెప్పిన: ఒక ఏడు పాత ఫాంటు సతాయించి
లక్ష్మి అనే పిల్ల పేరు నడుమకు ఇరిగింది,
తల ఒక దిక్కు, ఒత్తు ఒక దిక్కు.
నాలుగొందల కార్డులు. వాళ్ళ నాయిన
నా బల్ల ముందట స్టూలేసుకొని
నల్ల పెన్నుతోని ఒక్కొక్కటి దిద్దిండు.
ఒక్క మాట అనలె నన్ను.

ఆచారి చాయ్ చల్లగైంది.
కాగితం మీద "మూడో మెట్టు" కొట్టేసిండు.
ఆ జాగల ఏం రాయాల్నో తోచక
ఉత్తగనే ఇడిసిపెట్టిండు.
దాని కిందనే అందరం దస్తఖతులు పెట్టినం,
నుజ్హత్ పెన్ను మొనతోని చుక్కలు పొడిచింది.

తెల్లారి దుకాణంల
ఒక పిల్లగాడు అక్క కార్డు కొట్టియ్య వచ్చిండు.
చదువుతున్నడు, నేను కొడుతున్న:
కీర్తిశేషులు ఎర్రమ్మ గారి మనుమరాలు...

వేలు ఆగింది.
ఏ ర? అన్న.
రెండున్నయా? అన్నడు.
బండి ర అని ఒకటుంటది, మీ నాయినమ్మ ఏది రాస్తుండె?

వాడు ఫోను తీసి
ఇంటికి కలుపుకుంట బయటికి నడిచిండు.
కీబోర్డు మీద చేతులు పెట్టి
కూసున్న.